గుడ్లు తినేస్తున్న ఏంజెల్ జంట: ఒక నిజాంపేట కేసు

ఏంజెల్ ఫిష్ పెంచేవాళ్లు నాకు ఫోన్ చేసి ఎక్కువగా చెప్పేది ఒకటే: "జంట గుడ్లు పెడుతోంది, మర్నాటికల్లా తినేస్తోంది." షాపులో అడిగితే జంట మంచిది కాదు, మార్చేయమంటారు. గుడ్లు తినడాన్ని నేను జబ్బుగా చూడను. పాడైన గుడ్డును నోటితో తీసేయడం ఈ చేపలు తల్లిదండ్రులుగా చేసే పనిలో భాగం. ఒకటి పాడైతే ఒకటి తీస్తాయి, అన్నీ పాడైతే అన్నీ తీసేస్తాయి. బయటినుంచి చూసేవాళ్లకు రెండోది "తినేసింది" అన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది, మాయమయ్యే ముందు ఆ గుడ్లు ఏ రంగులో ఉన్నాయని. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ట్యాంకు, జంట

హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్. ట్యాంకు యజమాని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చేపలకు కొత్తవాడు కాదు. గప్పీలు, మోలీలు పెంచి, అవి అడగకుండానే పిల్లల్ని పెట్టేస్తుంటే విసుగొచ్చి ఏంజెల్స్ వైపు వచ్చాడు. పద్ధతి బాగానే పాటించాడు. పెద్ద జంటను కొనకుండా ఆరు చిన్న పిల్లల్ని తెచ్చి, వాటంతట అవే జత కట్టేదాకా ఆగాడు. చివరికి వెండి ఒంటి మీద నల్ల చారలున్న చేప ఒకటి, నారింజ మచ్చల కోయి రకం ఏంజెల్ ఒకటి జంటయ్యాయి. మిగతావాటిని స్నేహితులకు ఇచ్చేశాడు.

ట్యాంకు నాలుగడుగులది. అడుగున తెల్ల పాలరాయి చిప్స్, మధ్యలో కొన్ని అమెజాన్ స్వోర్డ్ మొక్కలు, ఓ మూల గాజుకు ఏటవాలుగా ఆనించిన నల్ల కడప రాయి పలక. గుడ్లు పెట్టడానికి స్లేట్ కావాలని వీడియోల్లో చూసి, అది దొరక్క వంటింటి గట్టు పనిలో మిగిలిన ముక్కను పెట్టాడు. తోడుగా ఒక టెట్రాల గుంపు, ఒక పెద్ద సక్కర్ ఫిష్. నీళ్లు మాత్రం కుళాయివి కావు, వాటర్ ప్లాంట్ నుంచి వచ్చే 20 లీటర్ల క్యాన్‌లు. బోరు నీళ్లకు గీజర్ కూడా గార పట్టి పోయిందని, చేపలకు ఆ నీళ్లు వద్దనుకున్నాడు.

జంట రెండు వారాలకోసారి గుడ్లు పెట్టేది. పలక మీద వరసలు వరసలుగా, రెండొందలకు పైనే ఉండేవి. రెండో రోజు ఉదయానికి పలక ఖాళీ. "అన్నా, మళ్లీ తినేశాయి. అమ్మేసి వేరే జంట తీసుకోనా?" అన్నది ఆయన ప్రశ్న.

రంగు గురించి అడిగితే గుర్తులేదన్నాడు. ఈసారి గుడ్లు పెట్టిన సాయంత్రం ఒక ఫొటో, మర్నాడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తీయమన్నాను. మొదటి ఫొటోలో గుడ్లు తేనె రంగులో, వెలుతురు దాటేట్టుగా ఉన్నాయి. రెండోదాంట్లో సగానికి పైగా పాలలా తెల్లబడ్డాయి. మూడోదాంట్లో పలక మీద అక్కడక్కడా తప్ప గుడ్లే లేవు. ఫలదీకరణ జరగని గుడ్డు ఒక రోజులోపే తెల్లబడిపోతుంది. ఆపైన బూజు పట్టి పక్కవాటికి అంటుకుంటుంది. అంటే ఆ జంట తిన్నవి చాలావరకు చచ్చిన గుడ్లే.

అనుమానితుల జాబితా

తెల్ల గుడ్లకు నాకు తట్టే కారణాలు నాలుగు. రెండూ ఆడవే కావడం. మగది ఉన్నా దాని వీర్యం పనికిరాకపోవడం. నీళ్లు. నీటి ప్రవాహం, అంటే ఫిల్టర్ నుంచి వచ్చే ధార పలక మీదే కొట్టడం. ఇక తెల్లబడకుండానే గుడ్లు మాయమైతే వేరే దొంగ ఉన్నట్టు.

మొదటి కారణాన్ని చాలామంది నమ్మరు కానీ, రెండు ఆడ ఏంజెల్స్ జత కట్టి, పలక తుడిచి, ఒకదాని తర్వాత ఒకటి గుడ్లు పెట్టి, రెండూ కాపలా కాయడం మామూలే. బయటికి అచ్చం జంటలాగే ఉంటాయి. నుదుటి ఎత్తు, రెక్కల పొడవు చూసి ఆడా మగా చెప్పేవాళ్లను నేను పట్టించుకోను. నమ్మదగ్గ గుర్తు గుడ్లు పెట్టే సమయంలో కడుపు కింద బయటికి వచ్చే చిన్న గొట్టం. ఆడదానికి అది లావుగా, మొద్దుగా ఉంటుంది. మగదానికి సన్నగా, మొన తేలి ఉంటుంది. ఇక్కడ కోయిది ఆడది, చారలది మగది అని ఫొటోల్లో తేలింది. అయినా గొట్టం చూసి మగదని చెప్పినంత మాత్రాన వీర్యం సరిగా ఉన్నట్టు కాదు. దానికి రుజువు గుడ్లలోనే దొరకాలి.

ఫిల్టర్ ధార పలక వైపు లేదు. ఆ అనుమానం అక్కడే పోయింది.

సక్కర్ సంగతి ఆ ఇంటి పెద్దావిడ తేల్చారు. తెల్లవారుజామునే లేచే అలవాటున్న ఆవిడ, హాల్లో లైటు వేస్తే ఆ నల్ల చేప పలక మీద అతుక్కుని కనిపిస్తుందని, లైటు పడగానే పారిపోతుందని చెప్పారు. సక్కర్ రాత్రి తిరిగే చేప. ఏంజెల్స్ చీకట్లో సరిగా చూడలేవు. పగలంతా టెట్రాలను తరిమిన జంట రాత్రి సక్కర్ ముందు ఏమీ చేయలేదు. "ట్యాంక్ క్లీనర్" అని అమ్మే ఈ చేప గుడ్లను కూడా క్లీన్ చేసేస్తుంది. దాన్ని తీసేయమన్నాను, చెరువులో మాత్రం వదలొద్దని గట్టిగా చెప్పాను. మన నదుల్లో, చెరువుల్లో ఇప్పటికే అవి తిష్ట వేసి జాలర్ల వలలు చింపుతున్నాయి. వాటి మూలం చాలావరకు ఎవరో ఒకరి ట్యాంకుల నుంచి పోయినవే.

దొంగ దొరికింది కదా, ఇక అయిపోయింది అనుకున్నాడాయన. కానీ తెల్ల గుడ్లకు సక్కర్ కారణం కాదు. అది దొంగిలిస్తుంది, గుడ్లను తెల్లగా మార్చదు.

క్యాన్ నీళ్లు, ట్యాంకు నీళ్లు

నీళ్ల మీద ఆయనకు ఏ సందేహమూ లేదు. ప్యూరిఫైయర్ వాళ్లిచ్చిన టీడీఎస్ మీటర్ క్యాన్ నీళ్లలో పెట్టి 45 చూపించాడు. అదే మీటర్‌ను నేను ట్యాంకులో పెడితే 600 దాటింది. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎంతో అది చెప్పదు, ఆ రెండూ కలిస్తేనే హార్డ్‌నెస్. కాబట్టి చుక్కల టెస్ట్ కిట్ వాడాం. ట్యాంకులో జీహెచ్, అంటే హార్డ్‌నెస్ కొలత, దాదాపు 22 డిగ్రీలు వచ్చింది, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో 390 పీపీఎం దగ్గర. పీహెచ్ 7.9. క్యాన్ నీళ్లలో జీహెచ్ ఒకటో రెండో.

ఏంజెల్స్ పుట్టిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి నీళ్లు చాలాచోట్ల బాగా మెత్తనివి, అంటే హార్డ్‌నెస్ తక్కువవి, కాస్త ఆమ్ల గుణం ఉన్నవి. మనకు దొరికేవి అక్కడి నుంచి రావు. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల తరాలుగా పెంచిన చేపలవి. పెద్ద చేపలు హార్డ్‌నెస్ ఎక్కువున్న గట్టి నీళ్లలో హాయిగా బతుకుతాయి, తింటాయి, గుడ్లూ పెడతాయి. జీహెచ్ 12 ఉన్న నీళ్లలో కూడా పిల్లల్ని తీసినవాళ్లను నేనెరుగుదును. 20 దాటితే మాత్రం గుడ్ల దగ్గర తేడా కొడుతుంది.

ఎందుకంటే చేప వీర్యకణాలు నీళ్లలో పడ్డాకే కదలడం మొదలుపెడతాయి. ఒంట్లోని ద్రవానికీ బయటి నీళ్లకీ లవణాల్లో ఉన్న తేడానే వాటిని కదిలిస్తుంది. అవి చురుగ్గా ఉండేది కాసేపే. గుడ్డు పైపొరలో వీర్యకణం దూరే రంధ్రం ఒక్కటే ఉంటుంది. గుడ్డు నీళ్లు పీల్చి ఉబ్బేకొద్దీ అదీ మూసుకుపోతుంది. పైపొర గట్టిపడటంలో కాల్షియానికి పాత్ర ఉంది. అంటే ఆడది ఒక వరస పెట్టి పక్కకు తప్పుకోగానే మగది వచ్చి దాని మీదుగా సాగే ఆ కొద్దిపాటి వ్యవధిలో నీళ్లు ఎలా ఉన్నాయన్నది ముఖ్యం. తర్వాత ఎంత మందు పోసినా పోయిన అవకాశం తిరిగి రాదు.

మెత్తని నీళ్లు పోస్తుంటే గట్టి నీళ్లు ఎలా అయ్యాయన్నది ఆయన ప్రశ్న. మూడు దారులున్నాయి. పాలరాయి చిప్స్ మీద వెనిగర్ చుక్క వేస్తే బుస్సుమని నురగ వచ్చింది. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేటే. చేపల వ్యర్థాలు ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా వల్ల నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లం చిప్స్‌ను కొంచెం కొంచెంగా కరిగిస్తూ పోతుంది. "పీహెచ్ ఎప్పుడూ కదలదన్నా, రాయిలా స్టడీగా ఉంటుంది" అని ఆయన గొప్పగా చెప్పుకున్నది ఇందుకే. పీహెచ్ పడిపోకుండా రాయి తనను తాను ఖర్చు చేసుకుంటోంది, కాల్షియం నీళ్లలో పేరుకుంటోంది.

రెండో దారి కడప పలక. మనం నల్ల స్లేట్ అనుకునే కడప రాయి సున్నపురాయే. తాండూరు, షాబాద్, బేతంచెర్ల బండలూ అంతే. పలక గట్టిది, నున్నగా పాలిష్ పట్టింది కాబట్టి దాని వాటా తక్కువే అని నా అంచనా, చిప్స్‌తో పోలిస్తే లెక్కలోకి రాదు. అయినా మెత్తని నీళ్ల ట్యాంకులో దానికి చోటెందుకు?

మూడోది ఆయన లెక్కలోనే లేదు. నీళ్లు మార్చేటప్పుడు క్యాన్ నీళ్లే వాడతాడు. కానీ ఫ్యాన్ గాలికి ట్యాంకు ఆవిరై మట్టం తగ్గినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు మగ్గుతో కుళాయి నీళ్లు పోసేవారు. ఆ బోరు నీళ్ల జీహెచ్ 30 పైనే. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు అక్కడే ఉంటాయి. ప్రతి మగ్గూ కొత్త లవణాలను తెచ్చి పాతవాటికి కలిపింది.

ఒకేసారి అన్నీ మార్చకపోవడం

ఇక్కడ ఆయనకు నాకు కాస్త వాదన జరిగింది. చిప్స్ తీసేసి, నీళ్లు మార్చి, సక్కర్‌ను పంపేసి, వేరే ట్యాంకు పెట్టి అన్నీ ఒకే ఆదివారం కానిచ్చేద్దామన్నాడు. అలా చేస్తే పిల్లలు రావచ్చు. కానీ రాకపోతే ఏది మిగిలిందో తెలియదు, మగది పనికిరానిదేమో అన్న అనుమానం అలాగే ఉండిపోతుంది. వచ్చినా, ఏ మార్పు పనిచేసిందో తెలియక ఆయన జీవితాంతం అన్నీ చేస్తూ కూర్చోవాలి. కాబట్టి ఒక్కోటీ విడదీశాం.

ముందు 24×18×18 అంగుళాల ట్యాంకు ఒకటి పెట్టాం. అడుగున ఏమీ లేదు. పెద్ద ట్యాంకులో కొన్ని వారాలు నానబెట్టి బ్యాక్టీరియా పట్టించిన స్పాంజ్ ఫిల్టర్, హీటర్ 28 డిగ్రీల దగ్గర, మూడు వైపులా గాజుకు బయట నల్ల చార్ట్ పేపర్. నీళ్లు మాత్రం పాత ట్యాంకువే. మట్టం తగ్గినా పాత ట్యాంకు నీళ్లే. సక్కర్ లేదు, టెట్రాలు లేవు, మనుషులు తిరిగే దారి కాదు. నీళ్లు తప్ప అన్నీ మారాయి.

పలక బదులు నిలబెట్టిన పీవీసీ పైపుకు ముదురు రంగు ప్లాస్టిక్ ఫైల్ కవర్ చుట్టి రబ్బరు బ్యాండ్లు వేశాను. కొంతమందికి ఇది తమాషాగా ఉంటుంది కానీ చాలా ఉపయోగం. జంట దాని మీద గుడ్లు పెడితే కవర్‌ను విప్పి, నీళ్లలోనే కత్తెరతో రెండు ముక్కలు చేయొచ్చు. ఒకే తల్లి ఒకే పూట పెట్టిన గుడ్లు రెండు రకాల పరీక్షకు దొరుకుతాయి. కవర్ నున్నగా ఉండాలి, ముందు రెండు రోజులు నీళ్లలో నానబెట్టాలి. గరుకుగా ఉంటే పైపు వదిలేసి హీటర్ మీద పెడతాయి.

జంట కొత్త చోట సర్దుకుని, కవర్‌ను నోటితో తుడిచి గుడ్లు పెట్టింది. రెండు గంటలు ఆగి, కవర్ తీసి రెండుగా కోసి, రెండు ఐదు లీటర్ల జార్లలో పెట్టాం. ఒకదాంట్లో ఆ ట్యాంకు నీళ్లే. రెండోదాంట్లోనూ ముందు అవే నీళ్లు పోసి, సన్నని గొట్టంతో చుక్కచుక్కగా క్యాన్ నీళ్లు దించుతూ మెత్తగా మార్చాం. ఒక్కసారిగా మార్చితే గుడ్డు ఆ దెబ్బకే పోవచ్చు. రెండింటిలోనూ ఎయిర్ స్టోన్ బుడగలు గుడ్లకు పక్కగా పోయేట్టు పెట్టి, బూజు పట్టకుండా అవతలి వైపు కనిపించేంత లేత నీలంగా మిథిలీన్ బ్లూ మందు వేశాం. జార్లు రెండూ ఒకే ట్యాంకులో తేలుతున్నాయి కాబట్టి వేడీ ఒకటే.

ఫలితం నా అంచనాకు దగ్గరగానే వచ్చింది, ఒక్క విషయంలో తప్ప. ఒకటిన్నర రోజు దాటేసరికి రెండు జార్లలోనూ గుడ్లు దాదాపు ఒకే మోతాదులో తెల్లబడ్డాయి. పదింటికి ఒకటి చొప్పున తేనె రంగులో మిగిలాయి. తర్వాత నీళ్లు మార్చినా లాభం లేకపోయిందంటే నష్టం అంతకుముందే, ఫలదీకరణ దగ్గరే జరిగినట్టు. అదే సమయంలో ఆ మిగిలిన గుడ్లలో నల్ల చుక్కల్లాంటి కళ్లు, తోక కదలిక కనిపించాయి. మగది మగదే, వీర్యమూ ఉంది. జంటను అమ్మాలన్న మాట అక్కడితో ఆగిపోయింది.

అంచనాకు అందనిది పిల్లలు బయటపడే దగ్గర కనిపించింది. మెత్తని నీళ్ల జార్‌లో మిగిలినవి దాదాపు అన్నీ పొదిగాయి. గట్టి నీళ్ల జార్‌లో కొన్ని తోక బయటపెట్టి, తల పొరలోనే ఇరుక్కుని చచ్చిపోయాయి. అంటే గట్టి నీళ్లు ఒకసారి ఫలదీకరణలో, రెండోసారి పొదగడంలో దెబ్బ కొడుతున్నాయి. జార్‌లో మిగిలిన గుడ్లే తక్కువ కాబట్టి ఈ రెండో దాని మీద నేను గట్టిగా వాదించను.

నీళ్లు మార్చాక

ఆ తర్వాత ఆ చిన్న ట్యాంకులో నీళ్లు మాత్రమే మార్చాం. ఒక్క రోజులో కాదు, రెండు వారాల పాటు రోజూ కొంచెం చొప్పున. అచ్చంగా క్యాన్ నీళ్లు పోయడం నాకు ఇష్టం లేదు. క్యాన్‌లో వచ్చే ఆర్ఓ నీళ్లలో పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ దాదాపు ఉండదు. వ్యర్థాల ఆమ్లానికి ఒక రాత్రిలోనే పీహెచ్ కూలిపోయే ప్రమాదం ఉంది. అపార్ట్‌మెంట్‌కు రోజు విడిచి రోజు వచ్చే మున్సిపల్ నీళ్లలో హార్డ్‌నెస్ బోరు కంటే చాలా తక్కువ. వాటిని బకెట్‌లో పట్టి, యాంటీ క్లోరిన్ వేసి, క్యాన్ నీళ్లతో సగం సగం కలిపాం. జీహెచ్ 5, 6 దగ్గర, పీహెచ్ 7 పైన కాస్త అటూ ఇటూగా నిలబడింది. బిల్డింగ్ సాఫ్ట్‌నర్ నీళ్లు వాడొచ్చా అని ఇలాంటి చోట్ల అడుగుతుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని బదులు సోడియం పెడుతుంది. గీజర్‌కు మంచిది కానీ లవణాల బరువు తగ్గదు, నేనైతే వాడను.

మేత మార్చలేదు. రోజూ వేసే గుళికలు, వారంలో కొన్నిసార్లు ఫ్రోజెన్ బ్లడ్ వర్మ్. అదే చేపలు, అదే పైపు, అదే కవర్.

తర్వాతి గుడ్లలో తెల్లవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కవర్‌లో సగం ముక్క కోసి జార్‌లో పెట్టాం, సగం జంట దగ్గరే ఉంచాం. జంట ప్రవర్తన చూడాల్సిందే. ఒకటి ఛాతీ రెక్కలతో గుడ్ల మీదికి నీళ్లు విసురుతుంటే ఇంకొకటి కాపలా. గంటకోసారి చోటు మారడం. తెల్లబడిన గుడ్డును మాత్రం ఏరి తీసేయడం, పక్కదాన్ని ముట్టుకోకపోవడం. ఇన్నాళ్లూ "తినేసే జంట" అని పేరు మోసినవి ఇవే. మన చెరువుల్లో కనిపించే తిలాపియా కూడా ఏంజెల్స్ ఉన్న సిక్లిడ్ అనే చేపల కుటుంబమే. అందులో మొజాంబిక్ రకం ఆడది గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. ఏంజెల్స్‌ది ఆ దారి కాదు. ఏదో ఒక నిలువు చోట అంటించి, ఇద్దరూ కలిసి కాయడం వీటి పద్ధతి.

మూడో రోజుకు రెండు చోట్లా గుడ్లు పొదిగాయి. పిల్లలు తలమీది జిగురుతో అతుక్కుని తోకలు ఆడిస్తూ వేలాడుతుంటాయి. రాలిపడినదాన్ని తల్లో తండ్రో నోట్లోకి తీసుకుని, ఒకసారి నమిలినట్టు చేసి, మళ్లీ గుంపులోకి ఉమ్ముతుంది. దీన్ని చూసి చాలామంది "తింటున్నాయి" అని వల పట్టుకుని పరిగెత్తుతారు. ఆగాలి.

జంట దగ్గరి పిల్లలు ఈదే దశకు ఒక రోజు ముందు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. ఈసారి సక్కర్ లేదు. తిన్నది ఆ జంటే. చీకట్లో రాలిన పిల్లల్ని వెతుక్కోలేక కంగారు పడ్డాయా, కొత్త జంటకు అనుభవం చాలలేదా అన్నది చెప్పలేను. గుడ్లు పెట్టినప్పటి నుంచి పిల్లలు బాగా ఈదేదాకా రాత్రి ట్యాంకు దగ్గర జీరో బల్బు వెలగాలని నేను పెంపకందార్లందరికీ చెబుతాను. ఆ రాత్రి అది వెలగలేదు, పవర్ కట్.

పిల్లల పెంపకం

జార్‌లోని సగం మాత్రం నిలబడింది. పొదిగాక మిథిలీన్ బ్లూను నీళ్లు మారుస్తూ పలచన చేశాం. మరో నాలుగైదు రోజులకు పచ్చసొన సంచి కరిగిపోయి పిల్లలు అడ్డంగా ఈదడం మొదలుపెట్టాయి. ఏ పూట ఈదితే ఆ పూటకు మేత సిద్ధంగా ఉండాలి. ఎక్కువ బ్యాచ్‌లు ఇక్కడే పోతాయి. గుడ్ల టెన్షన్‌లో పడి మేత సంగతి మర్చిపోతారు.

మేత అంటే అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీళ్లలో బతికే చిట్టి రొయ్యలాంటి జీవి పిల్లలు. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన వేయమని ఎవరో ఆయనకు చెప్పారు. అది పిల్లల కడుపులోకి పోయేదానికంటే నీళ్లలో కుళ్లేది ఎక్కువ. ఏంజెల్ పిల్లలు మొదటి పూట నుంచే ఆర్టీమియాను తినగలవు కాబట్టి మధ్యలో వేరే మేతలు అక్కర్లేదు. ఆర్టీమియా గుడ్ల విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులం. కోస్తాలో వనామీ రొయ్యల హ్యాచరీలన్నీ దీని మీదే నడుస్తాయి కాబట్టి భీమవరం, నెల్లూరు వైపు ఆక్వా షాపుల్లో మంచి డబ్బాలు దొరుకుతాయి. ఆయనకు కాకినాడలో చుట్టాలున్నారు, పని తేలికైంది. డబ్బా తెరిచాక తేమ తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పొదిగే శాతం పడిపోతుంది.

లీటరు నీళ్లకు 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, తలకిందులుగా వేలాడదీసిన కూల్‌డ్రింక్ సీసా, అడుగు నుంచి గట్టిగా గాలి, 28 డిగ్రీల వేడి, వెలుతురు. ఒక రోజుకు పొదుగుతాయి. గాలి ఆపితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, నారింజ రంగు పిల్లలు అడుగున వెలుతురు వైపు చేరతాయి. గొట్టంతో వాటిని మాత్రమే లాగి, సన్నని గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వేయాలి. పెంకులు వెళ్తే పిల్లల కడుపులో అడ్డుపడతాయి. రెండు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి నడపాలి, ఒక్కటే ఉంటే ఏదో ఒక రోజు అది ఫెయిలై అందరూ పస్తు. తిన్న పిల్ల పొట్ట నారింజగా కనిపిస్తుంది, అంతకంటే మంచి మీటర్ లేదు. నాలుగైదు గంటలకోసారి కొంచెం కొంచెం వేయమన్నాను. ఆఫీసు ఇంటి నుంచే కాబట్టి ఆయనకు కుదిరింది.

పిల్లల్ని చిన్న స్పాంజ్ ఫిల్టర్ ఉన్న ట్యాంకులోకి మార్చాక రోజూ సగం నీళ్లు మార్చడం తప్పనిసరి. ఇంత మేత, ఇంతమంది, ఇంత చిన్న చోటు అన్నప్పుడు అమ్మోనియా గంటల్లో పెరుగుతుంది. ఈ దశలో మురికి నీళ్లలో పెరిగిన పిల్లలకు మొప్పల మీది మూత సరిగా పెరగదు, కింది పొడవాటి రెక్కలు మెలి తిరుగుతాయి. పెద్దయ్యాక నీళ్లు ఎంత బాగున్నా అది సరికాదు. ఈ బ్యాచ్‌లో అలాంటివి కొద్దిగా వచ్చాయి. గుంపు పెద్దదైనా రెండో ట్యాంకు ఆలస్యంగా పెట్టడం దానికి కారణమని నా అభిప్రాయం. కొన్ని పిల్లలు అసలు పైకి లేవకుండా అడుగున పాకుతూ ఉండిపోయాయి. వాటికి గాలి తిత్తి నిండదు. మొదటి రోజుల్లో నీటి పైన నూనె పొర లాంటిది లేకుండా చూస్తే ఇవి తగ్గుతాయి.

నెల దాటాక సూదుల్లాంటి పిల్లలకు పైనా కిందా రెక్కలు లేచి ఏంజెల్ ఆకారం వచ్చింది. రెండు నెలలకు షాపువాళ్లు అడిగే రూపాయి బిళ్ల సైజు. ఏరివేత ఆయనకు కష్టంగా అనిపించింది. వంకర రెక్కలవి అమ్మకానికి ఇవ్వొద్దని, ముఖ్యంగా బ్రీడింగ్‌కు పెట్టొద్దని చెప్పాను. అలాంటివి ఆయన పెద్ద ట్యాంకులోనే ఉన్నాయి, పాలరాయి చిప్స్ మీద, గట్టి నీళ్లలో, ఏ ఇబ్బందీ లేకుండా. అందుకే ఆ ట్యాంకును మార్చమని నేను పట్టుబట్టలేదు. గుడ్లకు పనికిరాని నీళ్లు చేపలకు పనికిరానివని కాదు.

తేలనివి

జంట తన పిల్లల్ని తానే పెంచుతుందా అన్నది ఇంకా తేలలేదు. బల్బు, దానికి బ్యాటరీ బ్యాకప్ పెట్టాక ఒకసారి పిల్లలు ఈదేదాకా కాపాడాయి. గుంపును వెంటేసుకుని తిరిగాయి కూడా. వారం లోపే మళ్లీ గుడ్లు పెట్టే తొందరలో వాటిని వదిలేశాయి. జార్లలో తరతరాలుగా పొదిగించడం వల్ల ఈ చేపల్లో పిల్లల్ని పెంచే గుణం సన్నగిల్లిందని పాత పెంపకందార్లు అంటారు. ఒక జంటను చూసి దానికి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. అమ్మకానికి పిల్లలు కావాలంటే జార్, చూడటానికి కావాలంటే జంట అని ఆయనకు చెప్పాను. ఆయన రెండూ కావాలంటున్నాడు.

రెండోది వేసవి. ఏప్రిల్ చివర్లో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటాయి. జీహెచ్ 6 దగ్గరే ఉన్నా తెల్ల గుడ్లు మళ్లీ పెరిగాయి. వేడి వల్లా, వరసగా గుడ్లు పెట్టి ఆడది అలిసిపోవడం వల్లా అన్నది విడదీసి చూడలేదు. ట్యాంకు మధ్యలో గాజు పలక అడ్డం పెట్టి, వానలు పడేదాకా రెండింటినీ వేరు చేసి ఉంచాం.